ట్రెవెరిన్ లోయ నుంచి వచ్చిన మా ఫోర్‌మన్

మా పాత ఫోర్‌మన్ చనిపోయారని పోయిన శుక్రవారం తెలిసింది. ఆయన కూతురు గౌస్ భాయ్ ఫోనుకు చిన్న మెసేజ్ పంపింది. నాన్న ఆసుపత్రిలో నిద్రలోనే పోయారని, సౌదీలో, ఈ యాన్బులో ఆయనతో పనిచేసినవాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే చెప్పమని. గౌస్ భాయ్ మా స్టోర్ కీపర్, హైదరాబాద్ మనిషి. జుమ్మా నమాజు నుంచి వస్తూ మా గది గుమ్మంలో ఆగి, "సాబ్ పోయిండు భాయ్," అన్నాడు. ఏ సాబ్ అని నేను అడగలేదు. మేమిద్దరం ఆ మాట ఒక్కరి గురించే అంటాం.

నేనప్పుడు బట్టలు ఉతుక్కుంటున్నాను. వారానికి ఒక్కరోజు సెలవు, ఆ రోజు ఉతక్కపోతే వారమంతా మాసిన బట్టలే. ఉతకడం ఆపలేదు. ఇన్నేళ్లు ఇక్కడ ఉన్నాక దుఃఖం కూడా ఒంటి నొప్పిలాగే వెంటనే తెలియడం మానేసింది. బట్టలన్నీ దండెం మీద వేశాక గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. గౌస్ భాయ్ రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చి నా పక్కనే కూర్చున్నాడు.

"సాబ్ గురించి ఎవరన్న రాస్తరంటవా?" అన్నాడు గ్లాసు కింద పెట్టి.

వాళ్ల దేశంలో, వాళ్ల భాషలో ఎవరైనా రాస్తారేమో నాకు తెలియదు. తెలుగులో మాత్రం నేను రాయకపోతే ఎవరూ రాయరు. అందుకని రాస్తున్నాను.

యాన్బులో సముద్రపు నీటిని తాగే నీళ్లుగా మార్చే ప్లాంటులో నేను పంపు మెకానిక్‌ని. మనుషులను సప్లై చేసే ఒక కంపెనీ ద్వారా వచ్చాను. నా కఫీల్, అంటే ఇక్కడ నాకు పూచీ ఉండేది, ఆ కంపెనీయే. నేను వచ్చేసరికే ఆయన పంపుల విభాగానికి ఫోర్‌మన్. పొడుగ్గా, కొద్దిగా ముందుకు వంగి నడిచేవారు. ఎండకు ముక్కు, మెడ ఎప్పుడూ ఎర్రగా కమిలి ఉండేవి. పంపు సరిగా తిరుగుతోందో లేదో చూడటానికి పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను బేరింగ్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. అలా వింటున్నప్పుడు ఆయన గొంతులో ఏదో పాట మెల్లగా కదిలేది. చిన్నప్పుడు చర్చిలో నేర్చుకున్న పాటలట. ఆ భాష మాకెవరికీ అర్థమయ్యేది కాదు.

ఆయన ఇకామా మీద, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు మీద, బ్రిటన్ అని ఉండేది. కానీ ఎవరైనా ఇంగ్లీషు సార్ అని పిలిస్తే నడుస్తున్నవారు ఆగిపోయేవారు. "ఇంగ్లీషు కాదు, వెల్ష్. మాది వేల్స్," అనేవారు. కోపంగా కాదు, ఎన్నిసార్లు చెప్పాలో అన్న విసుగుతో. మా బంగ్లాదేశీ వెల్డర్ వేల్స్ అంటే తిమింగలాలున్న ఊరు అనుకున్నాడు చాలాకాలం. ఆ సంగతి తెలిసి ఆయన నవ్వారు. ఆ తరువాత చల్లనీళ్ల కూలర్ దగ్గర మమ్మల్నందరినీ నిలబెట్టి, మీ భాషలో నీళ్లను ఏమంటారని ఒక్కొక్కరినీ అడిగారు. పానీ అన్నారు, తన్నీర్ అన్నారు, మొయ్యా అన్నారు. నేను నీళ్లు అన్నాను. "మా భాషలో దూర్," అన్నారాయన. గౌస్ భాయ్‌కి నవ్వాగలేదు. "సాబ్, మా ఉర్దూల దూర్ అంటే చాలా దూరం అని," అన్నాడు. ఆయన కూలర్ నుంచి గ్లాసు నింపుకుని, "అది కూడా నిజమే," అన్నారు.

ఆయనతో మా మాటలు సగం ఇంగ్లీషు, సగం హిందీ, మిగతాది చేతి సైగలు. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను కానీ ఆ మాటలు అంత నున్నగా ఉండేవి కావు. ఒకసారి మండు వేసవిలో, వరుసగా రెండు షిఫ్టులు చేశాక, బోల్టు బిగిస్తూ నిలబడే కునుకు తీశాను. ఆయన వచ్చి నా చేతిలోని పానా మెల్లగా తీసుకున్నారు. నీడలో కూర్చోబెట్టి ఆ బోల్టు తనే బిగించారు. "అలసిపోయావని చెప్పడానికి సిగ్గుపడకు," అన్నారు. "నేను రోజూ అలసిపోతాను. ఎవరూ అడగరు కాబట్టి చెప్పను." ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో నవ్వు లేదు.

ఇక మా ఊరి సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఆయన సంగతి కూడా తెలియదు.

మాది సిరిసిల్ల వైపు, మానేరు ఒడ్డున ఒక ఊరు. అక్కడ ప్రాజెక్టు కడతారని నా చిన్నప్పటి నుంచి అంటూనే ఉన్నారు. అంటూ అంటూ కట్టేశారు. ఆ ఏడు ఎండాకాలం చివర్లో నా భార్య ఫోన్ చేసింది. "ఈ వానలకు నీళ్లు ఇడుస్తరట. అందరు ఇండ్లు ఖాళీ చేస్తున్నరు. మీ బాపు ఇంటి ముంగటికెల్లి లేస్తలేడు. మీరు వస్తరా రారా, ఒక్కమాట చెప్పుండ్రి," అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు. ఏడ్చి ఏడ్చి అయిపోయిన తరువాతి గొంతు అది.

మా కంపెనీ క్యాంప్ బాస్ దగ్గరికి వెళ్లి సెలవు అడిగాను. ప్లాంటులో అప్పుడు షట్‌డౌన్, అంటే ఏడాదికోసారి యంత్రాలన్నీ ఆపి విప్పి బాగుచేసే రోజులు. షట్‌డౌన్ అయ్యేదాకా పనివాళ్లెవరికీ ఎగ్జిట్ రీఎంట్రీ ఇవ్వం అన్నాడు. ఆ కాగితం లేకుండా దేశం దాటలేం. ఊరు మునుగుతుందంటే, "వరద వస్తోందా? ఎవరైనా చనిపోయారా?" అని అడిగాడు. ఎవరూ చనిపోలేదు. పనిలోకి వెళ్లిపోయాను.

మధ్యాహ్నం అన్నం వేళ పైపుల నీడలో డబ్బా మూత తీయకుండా కూర్చున్నాను. ఆయన వచ్చి నా ఎదుట ఒక ఖాళీ కేబుల్ చక్రం మీద కూర్చున్నారు.

"ఇంట్లో ఎవరికైనా బాగాలేదా?"

"అందరు మంచిగనే ఉన్నరు సార్. మా ఊరు మునుగుతున్నది. డ్యాము కట్టిన్రు."

ఆయన మూత తీయని నా డబ్బా వైపే చూశారు. నా మాట అర్థం కాలేదేమోనని చేత్తో నీళ్లు పైకి లేస్తున్నట్టు చూపించబోయాను. "అర్థమైంది," అన్నారు. "నాకు చూపించక్కర్లేదు."

ఆ రోజు ఆయన తన ఊరి గురించి చెప్పారు. అన్నేళ్లలో అదే మొదటిసారి.

ఉత్తర వేల్స్‌లో ట్రెవెరిన్ అనే ఏరు, ఆ ఏటి లోయలో వాళ్ల ఊరు. ఒక చర్చి, ఒక బడి, ఒక పోస్టాఫీసు, కొన్ని ఇళ్లు, చుట్టూ గొర్రెలు మేపుకునే పొలాలు. అందరిదీ వెల్ష్ భాషే. లివర్‌పూల్ అనే ఇంగ్లీషు నగరానికి నీళ్లు కావలసి వచ్చాయి. "లండన్‌లో చట్టం చేశారు," అన్నారు. "వేల్స్ నుంచి గెలిచిన సభ్యుల్లో ఒక్కరు కూడా దానికి ఓటు వేయలేదు. అయినా అయిపోయింది. అంతకుముందు ఊరంతా లివర్‌పూల్ వెళ్లి వీధుల్లో నడిచారు. మా నాన్న నన్ను భుజాన వేసుకుని నడిచాడట. చిన్నవాణ్ని, నాకేమీ గుర్తులేదు. జనం మా మీద ఉమ్మారని అమ్మ చెప్పేది."

బడి ముందే మూసేశారట. చర్చిలో చివరి ప్రార్థన చేసుకున్నారు. తరువాత శ్మశానం దగ్గరికి వచ్చారు. "కావాలంటే మీ వాళ్లను తవ్వి తీసుకెళ్లండి అన్నారు. కొందరు తీసుకెళ్లారు. మా నాన్న వద్దన్నాడు. మిగిలినవాళ్ల మీద కాంక్రీటు పోశారు. మా తాత దాని కింద ఉన్నాడు."

1965 అక్టోబరులో డ్యాము ప్రారంభించారు. అప్పుడాయనకు పన్నెండేళ్లు. "పెద్ద పెద్దవాళ్లు వచ్చారు. గుడారం వేశారు. మావాళ్లు గుట్ట మీద నుంచి అరిచారు. ఎవరో మైకు తీగ కోసేశారు. ఎవరేం మాట్లాడారో ఒక్క ముక్క వినపడలేదు. చప్పున ముగించుకుని వెళ్లిపోయారు." ఆయన తన బూటు మొన చూసుకుంటూ అన్నారు: "ఆ రోజు మేం గెలిచామనుకుని నేను ఇంటికి పరిగెత్తాను. మా నాన్నకు చెప్పాను. ఆయన పొయ్యిలో బొగ్గు వేస్తూ కూర్చున్నాడు."

ఆ ఏడాదిని వాళ్ల దేశంలో ఎవరూ మరిచిపోలేదట. దారి పక్క గోడ మీద ఆ లోయ పేరు రాసి, గుర్తుపెట్టుకోండి అని రాశారట. దాన్ని చెరిపేసినప్పుడల్లా ఎవరో ఒకరు మళ్లీ రాస్తారట.

నేను అడిగాను. "మరి మీరు మళ్ల ఈ నీళ్ల పనిలకే ఎందుకొచ్చిన్రు సార్?"

"ఇక్కడ నీళ్లు సముద్రంలోంచి తీస్తారు. ఎవరి ఇల్లూ ముంచక్కర్లేదు," అన్నారు. మళ్లీ ఆయనే, "జీతం కూడా బాగుంది," అన్నారు. ఇద్దరం నవ్వాం. నేను డబ్బా మూత తీసి కొద్దిగా తిన్నాను.

అన్నం అయ్యాక ఆయన లేచి నేరుగా క్యాంప్ ఆఫీసుకు వెళ్లారు. నన్ను బయట నిలబడమన్నారు. అద్దం తలుపులోంచి చూస్తే, ఆయన క్యాంప్ బాస్ ఎదుట కుర్చీలో కూర్చుని, టోపీ ఒళ్లో పెట్టుకుని ఉన్నారు. క్యాంప్ బాస్ ఏదో గట్టిగా చెబుతున్నాడు, చేతులు తిప్పుతున్నాడు. ఆయన కదలలేదు. క్యాంప్ బాస్ లేచి బయటికి వెళ్లి, మళ్లీ వచ్చాడు. ఆయన అలాగే కూర్చున్నారు. చివరికి క్యాంప్ బాసే అలసిపోయి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. సాయంత్రానికి నా ఎగ్జిట్ రీఎంట్రీ వచ్చింది.

ఎయిర్‌పోర్టుకు వెళ్లే బండి ఎక్కుతుంటే ఆయన వచ్చి ఒక్కటే చెప్పారు. "ఇల్లు చూసుకుంటూ కూర్చోకు. ఇంటిని ఫోటో తీసుకోవచ్చు. మనుషులందరినీ ఒకచోట కూర్చోబెట్టు. మా ఊళ్లో ఆ పని ఎవరూ చేయలేదు. ఎవరి సామాను వాళ్లు ఎక్కించుకుని వెళ్లిపోయారు. పక్కింటామె ఎక్కడికి వెళ్లిందో కూడా మాకు తెలియదు."

నేను వెళ్లేసరికి ఊరు సగం ఊడిపోయి ఉంది. తలుపులు, దర్వాజాలు, దూలాలు పీకి ట్రాక్టర్ల మీద వేసుకుంటున్నారు. ముందే ఒప్పుకుని కొత్త కాలనీకి పోయినవాళ్లకూ, చివరిదాకా కొట్లాడినవాళ్లకూ మాటల్లేవు. మా చిన్నాయన ముందే కాలనీకి పోయాడు. మా బాపు చివరిదాకా ఉన్నాడు. ఒక్క తల్లి పిల్లలు ఎదురుపడితే మొఖం తిప్పుకుంటున్నారు. బాపు ఇంటి ముందు గద్దె మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "ఇప్పుడా వచ్చేది," అన్నాడు అంతే.

అందరం ఒక్కపూట కలిసి అన్నం తిందామని చెప్పాను. బాపు ఒప్పుకోలేదు. "వాని మొఖం సూసుకుంట నాకు బువ్వ పోదు," అన్నాడు. నేను మా ఫోర్‌మన్ చెప్పినదంతా చెప్పాను. వాళ్ల చర్చి, వాళ్ల బడి, వాళ్ల తాత మీద పోసిన కాంక్రీటు. బాపు వింటూ వింటూ నా వైపు తిరిగాడు.

"తెల్లోళ్ల ఊర్లు సుత మునుగుతయా?"

"మునిగినయట బాపు."

"ఆయన మరి ఎక్కడున్నడు ఇప్పుడు?"

"నాతోనే పనిచేస్తున్నడు, అరబ్బుల దగ్గర."

బాపు కండువా దులిపి భుజాన వేసుకుని, కాలనీ వైపు పోయే ఆటో ఆపాడు. మధ్యాహ్నం దాటాక అదే ఆటోలో చిన్నాయనను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ చెప్పలేదు.

బడి ఇంకా కూల్చలేదు. బడి ముందరి జాగాలో వండాం. ముందే కాలనీకి పోయినవాళ్లు, ఊళ్లో ఉన్నవాళ్లు, బొంబాయి నుంచి, సూరత్ నుంచి వచ్చినవాళ్లు, అందరూ వరసలుగా నేల మీద కూర్చున్నారు. పెద్ద సంబరమేమీ కాదు. చాలామంది తలలు వంచుకునే తిన్నారు. మేకకూరలో ఉప్పు ఎక్కువైందని ఎవరో అంటే, ఇంకెవరో, రేపు నీళ్లు దండిగ వస్తయి, దూప తీర్తది అన్నారు. ఆ మాటకు ఒకరిద్దరు నవ్వారు, మిగతావాళ్లు నవ్వలేదు. తిన్నాక ఆడవాళ్లు ఊరి నడుమ బొడ్రాయి దగ్గరికి పోయి, రాయి కడిగి, పసుపు పూసి వచ్చారు. మా అవ్వను పూడ్చిపెట్టిన చోట బాపు కాసేపు నిలబడ్డాడు. తవ్వొద్దన్నాడు. ఆ పూట తరువాత మా ఊరు మళ్లీ ఒక్కచోట కూర్చోలేదు. కొన్నాళ్లకు బాపు పోయాడు. పాడె ముందు పట్టుకున్నది చిన్నాయనే.

తిరిగి యాన్బు వచ్చిన రోజు ఆయన పంపుల షెడ్డులో ఉన్నారు. ఒంటి నిండా గ్రీజు. నన్ను చూసి, "కూర్చున్నారా?" అని అడిగారు.

"కూసున్నం సార్. అందరం."

ఆయన తల ఊపి, మళ్లీ పంపు మీదికి వంగారు. నేను వెళ్లి పక్కన నిలబడి పని అందుకున్నాను. ఆయన పానా నా చేతికిచ్చి షెడ్డు గోడకు చేరగిలబడ్డారు. అరవై దాటిన మనిషి, నేను లేనన్నాళ్లూ నా పని కూడా తనే చేశారు.

మరికొన్నాళ్లకు స్టోర్ దగ్గర గ్యాస్కెట్లు తీసుకుంటుంటే గౌస్ భాయ్ అడిగాడు. "నీకు తెల్వదా భాయ్? నీ కోసం సాబ్ తన టికెట్ క్యాన్సిల్ చేసుకుండు. నేను ఆఫీసులనే ఉన్న ఆ టైముల. వీని పని ఎవరు చేస్తరు అని క్యాంప్ బాస్ అడిగిండు. నేను చేస్త, నా ఛుట్టీ తీసేయ్ అన్నడు సాబ్."

తరువాత మిగతాది కూడా తెలిసింది. ఆ ఏడు వాళ్ల దేశంలో వానలు లేక, వాళ్ల లోయను ముంచిన డ్యాము చెరువు అడుగుకు పోయింది. మునిగిన గోడలు పైకి తేలాయి. చూడటానికి రమ్మని ఆయన చెల్లెలు ఫోన్ చేసింది. అందుకోసం పెట్టుకున్న సెలవు అది. ఆయన వెళ్లలేదు. తరువాత అక్కడ వానలు పడ్డాయి, గోడలు మళ్లీ నీళ్లలోకి పోయాయి.

నేను ఆయన దగ్గరికి వెళ్లి, "ఎందుకు చెప్పలేదు సార్?" అన్నాను.

"నీ ఊళ్లో మనుషులున్నారు. మా ఊళ్లో రాళ్లే కదా," అన్నారు. "మళ్లీ ఎప్పుడో ఒకప్పుడు ఎండలు వస్తాయి."

ఆ తరువాత ఆయన ఎక్కువకాలం పనిచేయలేదు. మెట్లెక్కి ఆగడం, మోకాలి మీద చెయ్యి పెట్టుకుని నిలబడటం ఎక్కువైంది. ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్లిపోతున్నప్పుడు మెస్సులో బిర్యానీ చేయించాం. ఏదైనా మాట్లాడమంటే, "చాలా అలసిపోయాను. ఇంటికి పోయి పడుకుంటాను," అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం అదే మొదటిసారి కాదు, కానీ అందరి ముందు అనడం అప్పుడే విన్నాను. మా వెల్డర్ కళ్లు తుడుచుకున్నాడు. కొత్త ఫోర్‌మన్ వచ్చాడు, మంచివాడే. పనిలో ఏ లోటూ లేదు. స్క్రూడ్రైవర్‌తో వినడం మాత్రం ఎవరూ చేయరు. ఇప్పుడు దానికి మీటర్లున్నాయి.

శుక్రవారాలు అప్పుడప్పుడు ఫోన్ చేసేవారు. గొంతు సన్నబడుతూ వచ్చింది. మా ఊళ్లో నీళ్లు ఎంతవరకు వచ్చాయని అడిగేవారు. మా బడి కప్పు కూడా కనిపించడం లేదని చెప్పాను. "మొదటి కొన్నేళ్లు చాలా కష్టం. తరువాత కూడా కష్టమే, కానీ ఎవరికీ చెప్పబుద్ధి కాదు," అన్నారు.

చివరిసారి మాట్లాడినప్పుడు, తన లోయకు వెళ్లొచ్చిన సంగతి చెప్పారు. మరో వేసవిలో మళ్లీ చెరువు ఎండితే, కూతురు కారులో తీసుకెళ్లిందట. చూడటానికి చాలామంది వచ్చారు, పిల్లలతో, కుక్కలతో. పగిలిన బురద మీద నడుస్తున్నారు, గోడల పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. ఆయన దిగలేకపోయారు. రోడ్డు పక్కన కారులోనే కూర్చుని చూశారు.

"నా కూతురు అడిగింది, నాన్నా మీ ఇల్లు ఏదని. అన్నీ ఒకేలా ఉన్నాయి. మోకాలెత్తు గోడలు. నాకు పోల్చుకోవడం చేతకాలేదు."

"మరి ఏం చెప్పిన్రు సార్?"

"ఒకటి చూపించాను."

"అది మీదేనా?"

"కాకపోవచ్చు," అన్నారు. "ఆమె దిగి, ఆ బురదలో నడుచుకుంటూ దాని దగ్గరికి వెళ్లింది. గోడ మీద చెయ్యి పెట్టి, ఇదేనా అన్నట్టు నా వైపు చూసింది. నేను కిటికీలోంచి చెయ్యి ఊపాను. ఆమె అక్కడే, ఆ గోడ మీద కూర్చుంది. చాలాసేపు లేవలేదు. నేను పిలవలేదు."